నాలుగు గేదెలు, రెండు మేతలు: ఎనిమిది నెలల తూకాల డైరీ

తెనాలి వైపు డెల్టా పల్లెలో మాకు నాలుగు పాడి గేదెలున్నాయి. నాలుగూ గ్రేడెడ్ ముర్రావే (ముర్రా జాతితో కలిపి మెరుగుపరిచినవి). పేర్లు గౌరి, నల్లమ్మ, చుక్క, పెద్దమ్మి. పాల డబ్బులో సగానికి దగ్గరగా దాణా కొట్టుకే వెళ్తోంది. చేనులో వరిగడ్డి మాత్రం ఎంత కావాలంటే అంత ఉంది. నేను తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటే: యూరియాతో ఊరవేసిన వరిగడ్డి, మొక్కజొన్న పాతర గడ్డి (గాలి తగలకుండా పులియబెట్టి నిలవ ఉంచిన పచ్చిమేత) పెట్టి, గేదెకు రోజుకు 5 కిలోల దాణాను 3.5 కిలోలకు తగ్గిస్తే పాలు నిలుస్తాయా, నిలవవా?

డిసెంబరులో మొదలుపెట్టాను, జులైలో ముగిసింది. ఇదే పని చేయబోయేవారు నేను పారబోసిన గడ్డిని మళ్లీ పారబోయకూడదని అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటి దశ: తూకం (డిసెంబరు 10 – జనవరి 2)

పనిముట్లు: 50 కిలోల వేలాడే డిజిటల్ కాటా 1,450 రూపాయలు, వంటింటి చిన్న కాటా 450, కొలత టేపు 60, పులుపు కొలిచే పీహెచ్ కాగితాలు 340.

మొదటి వారం పాలను లీటర్లలో కొలిచాను. అది తప్పు. పితికిన వెంటనే చెంబు నిండా నురగ ఉంటుంది. అదే పాలను వెంటనే కొలిస్తే 3.6 లీటర్లు, పావుగంట ఆగి కొలిస్తే 3.3 లీటర్లు. ఆ తేడా నేను వెతుకుతున్న తేడాకన్నా పెద్దది. అప్పటి నుంచి బకెట్టును కాటాకు తగిలించి కిలోల్లోనే రాశాను. ఖాళీ బకెట్టు బరువు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నాను.

రెండో తప్పును మా అమ్మ పట్టుకుంది. పాలు పితికేది ఆమే. నా పుస్తకం చూసి, "ఏరా, దూడ కుడిచింది ఎవరి లెక్కలో రాస్తావు?" అంది. మా గేదెలు దూడ కుడిస్తేనే చేపుతాయి, అంటే పాలు దించుతాయి. చివర్న కూడా దూడను కాసేపు వదులుతాం. ఈ రెండు సార్లు కలిపి ఎంత తాగుతోందో నాకు తెలియదు.

అందుకు చేసిన పని:

1. గోనెసంచిని విప్పి, నాలుగు మూలలకూ తాళ్లు కట్టి ఉయ్యాలలా చేశాను.
2. కుడవక ముందు దూడను అందులో నిలబెట్టి తూచాను.
3. కుడిచిన వెంటనే, పేడ వేయకముందే మళ్లీ తూచాను.
4. తేడాను ఆ పూట పాలకు కలిపాను.

చుక్క దూడ పూటకు 600 నుంచి 700 గ్రాములు తాగుతోంది. రోజూ ఇలా తూచడం కుదరదు. అందుకని వారానికి రెండు రోజులు తూచి, సగటును మిగతా రోజులకు కలిపాను. దూడలు 50 కిలోలు దాటాక ఈ ఉయ్యాల పనికిరాదు. అప్పటికి వాటిని తల్లి దగ్గర ఒక్క చనుకట్టుకే పరిమితం చేశాం.

మూడోది వెన్న శాతం. పితకడం మొదట్లో వచ్చే పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. గౌరి పాలను ఒకే పూట మూడుచోట్ల పట్టి పాల కేంద్రంలోని మిషన్లో పెట్టించాను: మొదటి ధారలు 4.1, మధ్యలో 6.6, చివరి ధారలు 10.2. పూర్తిగా పితికి, బకెట్టు మొత్తం కలియబెట్టి, పొద్దున సాయంత్రం పాలను వాటి బరువుల దామాషాలో కలిపి పట్టిన నమూనానే లెక్కలోకి తీసుకోవాలి.

మేత తూకంలో ఒక్క సూత్రం చాలు: వేసింది తూచాలి, మర్నాడు గాడిలో మిగిలింది కూడా తూచాలి. 8 కిలోల వరిగడ్డి వేస్తే సగటున 1.6 కిలోలు మిగులుతోంది. గేదె తిన్నది 6.4 కిలోలే. నేనేమో ఏళ్లుగా 8 కిలోలు తింటోందనే అనుకుంటూ వచ్చాను.

పాత మేత, గేదెకు రోజుకు: వరిగడ్డి 8 కిలోలు, గట్ల మీద కోసిన పచ్చిగడ్డి 10 కిలోలు, దాణా 5 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు.

ఇప్పటిదాకా ఖర్చు: 2,300 రూపాయలు.

రెండో దశ: వరిగడ్డి ఊరవేయడం (జనవరి 3 – ఫిబ్రవరి 16)

వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతానికి మించవు. యూరియా నీళ్లు చల్లి గాలి ఆడకుండా మూసి ఉంచితే, గడ్డి మీద ఉండే సూక్ష్మజీవుల ఎంజైము యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. ఆ అమ్మోనియా గడ్డి పీచును వదులు చేస్తుంది, కొంత గడ్డిలోనే నిలిచిపోతుంది. మాంసకృత్తుల లెక్క 7–8 శాతానికి చేరుతుంది. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీరు, 21 రోజులు. కొలత ఇంతే. ఇంత సులువైన పనిని కూడా మొదటిసారి చెడగొట్టాను.

*మొదటి విడత, జనవరి 3.* గడ్డి 200 కిలోలు, యూరియా 8 కిలోలు, నీరు 100 లీటర్లు. మా చేలో వేసింది సాంబమసూరి, అంటే బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన ఆ రకమే ఇప్పటికీ మా వైపు చేల నిండా ఉంది. ఒకప్పుడు చేత్తో కోసి, నూర్చి, గడ్డిని వామి వేసేవాళ్లం. ఇప్పుడు వరికోత యంత్రం వెనుక బేలరు వచ్చి 15 కిలోల కట్టలుగా బిగించి పోతోంది. నేను ఆ కట్టలను విప్పలేదు. కట్టల మీదే యూరియా నీళ్లు పోసి, పల్చటి పాలిథీన్ పట్టా కప్పాను.

జనవరి 24న తెరిచాను. పైపొర నల్లగా, చేత్తో ముట్టుకుంటే జిగటగా, బూజు పట్టి ఉంది. కట్టను చీల్చి చూస్తే నడి భాగం ఎండుగడ్డి వాసనే కొడుతోంది. అక్కడికి నీళ్లే చేరలేదు. పట్టాకు ఏడు చోట్ల కాకులు పొడిచిన చిల్లులున్నాయి.

లెక్క: 200 కిలోల్లో బూజు పట్టి పారేసింది 70, ఊరకుండా మిగిలింది 40, పనికొచ్చింది 90. బూజు గడ్డిని గేదెలకు వేయకండి. పైకి కనిపించే బూజును దులిపేసినా దాని విషం గడ్డిలోనే ఉంటుంది.

*రెండో విడత, జనవరి 26.* మార్చినవి ఇవి:

1. కట్టలన్నీ విప్పి విదిలించాను.
2. పశువుల పాక పక్కన రెండు గోడల మూలను ఎంచుకున్నాను. నేల మీద ముందు ఒక పట్టా పరిచాను.
3. 20 కిలోల గడ్డి ఒక పొర. ఒక్కో పొరకు 10 లీటర్ల నీళ్లలో 800 గ్రాముల యూరియా. మొత్తం యూరియాను ఒకేసారి కలిపి ఉజ్జాయింపుగా చల్లితే కింది పొరలకు ఎక్కువ, పై పొరలకు తక్కువ పడుతుంది. పొర పొరకూ తూచి కలపడమే మేలు.
4. మొక్కలకు నీళ్లు పోసే జల్లు మూత డబ్బాతో చల్లి, ప్రతి పొరనూ ఇద్దరం తొక్కాం.
5. మందమైన పట్టా కప్పి, అంచుల మీద మట్టి పోసి, పైన పాత వల పరిచాను. కాకులు మళ్లీ దిగలేదు.

300 కిలోలకు 12 కిలోల యూరియా పట్టింది. ఫిబ్రవరి 16న తెరిస్తే గడ్డి ముదురు బంగారు రంగులో మెత్తగా ఉంది. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండి రెండడుగులు వెనక్కి వేశాను. పారేసింది 8 కిలోలు.

ఇక్కడ ఒక ప్రమాదం తప్పింది, అందరికీ తెలియాలి. రెండో విడత రోజు మూడో పొర తొక్కుతుండగా యూరియా నీళ్ల బకెట్టు పాక గుమ్మంలో ఉంది. కట్టు విప్పుకుని వచ్చిన పడ్డ (ఇంకా ఈనని గేదె) ఒకటి అందులో మూతి పెట్టింది. బాబాయి గభాలున లాగాడు కాబట్టి సరిపోయింది. అవి కుడితికి అలవాటుపడ్డ పశువులు, బకెట్టు కనిపిస్తే తాగుతాయి. యూరియా నీళ్లు నేరుగా కడుపులోకి పోతే గంటలోపే ప్రాణం పోవచ్చు. అలా జరిగితే తక్షణం పశువైద్యుణ్ణి పిలవాలి, ఆయన వచ్చేలోగా చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి పట్టించమని చెబుతారు. ఆ రోజు నుంచి మా పాకలో వెనిగర్ సీసా ఉంటుంది. యూరియా కలిపే చోటు పాకకు దూరంగా, తలుపు వేసిన గదిలోకి మారింది.

గాడిలో వేసే ముందు: రేపటి గడ్డిని ఈ సాయంత్రమే బయటకు తీసి పరచాలి, ఘాటు పోవాలి. మొదటి రోజు కిలో, తర్వాత రోజుకో కిలో పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయకూడదు. 4 శాతం బాగుంది కదా అని 6 శాతానికి పోకూడదు.

ఈ దశ ఖర్చు: మొదటి విడత 1,548, రెండో విడత 2,272. మొత్తం ఇప్పటిదాకా 6,120 రూపాయలు.

మూడో దశ: నన్ను మోసం చేసిన ఫలితం (ఫిబ్రవరి 6 – మార్చి 12)

ఫిబ్రవరి 6 నుంచి 15 వరకు పాత మేత మీద పాలు తూచాను. 17 నుంచి నాలుగింటికీ మెల్లగా ఊరవేసిన గడ్డి అలవాటు చేశాను. మార్చి 3 నుంచి 12 వరకు మళ్లీ తూచాను. రోజుకు నాలుగింటి పాలు కలిపి 24.8 కిలోల నుంచి 27.0 కిలోలకు చేరాయి. 2.2 కిలోలు ఎక్కువ! ఊళ్లో ఇద్దరికి చెప్పేశాను కూడా.

ఆ రాత్రి పుస్తకంలో ఏ గేదెకు ఆ గేదె విడదీసి రాశాను:

గౌరి: 6.9 నుంచి 6.8
నల్లమ్మ: 6.2 నుంచి 8.5
చుక్క: 6.3 నుంచి 6.5
పెద్దమ్మి: 5.4 నుంచి 5.2

బాగా పెరిగింది ఒక్క నల్లమ్మే. అది జనవరి 20న ఈనింది. ఈనాక ఆరేడు వారాల దాకా ఏ గేదెకైనా పాలు ఎక్కుతాయి, ఏ గడ్డి వేసినా ఎక్కుతాయి. మిగతా మూడింటినీ కలిపితే 0.1 కిలో తగ్గింది. అంటే నేను తూచింది గడ్డి గొప్పతనం కాదు, నల్లమ్మ ఈత. మర్నాడు పొద్దున్నే ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్లి చెప్పింది తప్పని చెప్పాను.

రెండో పొరపాటు అదే పుస్తకంలో బయటపడింది. "ఊరవేసిన గడ్డి గేదె 9 కిలోలు తింటోంది, మామూలు గడ్డి 6.4 కిలోలే తినేది" అని రాసుకున్నాను. కానీ ఊరవేసిన గడ్డిలో నేను పోసిన నీళ్లున్నాయి. 100 కిలోల గడ్డి, 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీరు కలిస్తే 154 కిలోలు. ఆ 9 కిలోల్లో ఎండుగడ్డి 6 కిలోల లోపే. తిండి పెరగలేదు, నీళ్లను మేతగా రాశానంతే. అక్కడి నుంచి ఏ మేతనైనా ఎండు పదార్థం (నీరు పోగా మిగిలేది) లెక్కలోనే రాశాను.

నాలుగో దశ: మొక్కజొన్న, పాతర (డిసెంబరు 28 – మే 19)

వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేయడం మా వైపు బాగా అలవాటే. 50 సెంట్లలో పశుగ్రాసపు రకం ఆఫ్రికన్ టాల్ వేశాను. ఎకరాకు 20 కిలోల విత్తనం లెక్కన 10 కిలోలు పట్టింది. రెండు చెక్కలుగా వేశాను: 25 సెంట్లు డిసెంబరు 28న, మిగతా 25 సెంట్లు జనవరి 14న. ఒక చెక్క చెడితే రెండోది ఉంటుందని అలా చేశాను, ఆ జాగ్రత్తే నన్ను కాపాడింది.

ఇరవయ్యో రోజుకు సుడిలో (మొక్క నడిమి లేత ఆకుల చుట్టలో) కత్తెర పురుగు కనిపించింది. 2018లో దేశంలోకి వచ్చినప్పటి నుంచి మొక్కజొన్నకు ఇది తప్పని బెడద. ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు కలిపి సుడుల్లో పడేలా ఒక్కసారి కొట్టించాను. కోతకు ఇంకా యాభై రోజులకు పైగా ఉంది కాబట్టి మందు కొట్టడానికి ఒప్పుకున్నాను. కోత దగ్గరపడ్డాక అయితే కొట్టేవాణ్ణి కాదు.

*మొదటి చెక్క, మార్చి 14, 76వ రోజు.* కంకి పాలు పోసుకుంది కదా అని కోసేశాను. 3,400 కిలోలు వచ్చింది. చాఫ్ కట్టర్‌తో రెండు సెంటీమీటర్ల ముక్కలు కొట్టించి గోతిలో వేసి తొక్కించాను. గోయి అంటే డెల్టాలో కష్టమే: నాలుగడుగులు తవ్వేసరికి ఊట వచ్చింది. అడుగున, పక్కల పట్టా పరిచి అక్కడితో ఆపి నింపాను.

వారానికే గోతి దగ్గర వాసన మారింది. ఏప్రిల్ 6న ఒక మూల తెరిచాను. అడుగున అడుగు ఎత్తున గోధుమరంగు నీరు నిలిచి ఉంది. పైన ముక్కలు ఆకుపచ్చ తిరిగిన నలుపు. పిడికెడు తీసి నలిపితే చెడిన నెయ్యి వాసన. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా సాయంత్రం అన్నం కలిపేటప్పుడు ఆ వాసన మళ్లీ వచ్చింది. 20 గ్రాముల గడ్డిని 100 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లలో అరగంట నానబెట్టి పీహెచ్ కాగితం ముంచితే 5.4 చూపింది. మంచి పాతరకు అది 4.2 లోపు ఉండాలి.

కారణం తేమ. పాతరలో జరగాల్సింది ఇది: గాలి లేనిచోట లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు మొక్కలోని చక్కెరను వాడుకుని త్వరగా పులిపిస్తాయి, ఆ పులుపే మిగతా క్రిములను ఆపి గడ్డిని నిలవ ఉంచుతుంది. తేమ మరీ ఎక్కువైతే పులుపు పల్చబడుతుంది, రసం కారిపోతుంది, కుళ్లబెట్టే క్రిములది పైచేయి అవుతుంది. ఆ వాసన వాటిదే.

మరి కోసే ముందు తేమ కొలవలేదా? కొలవలేదు. ఇంట్లో చేయదగిన పనే:

1. నాలుగైదు మొక్కలు వేర్వేరు చోట్ల కోసి, మొత్తం ముక్కలు చేసి కలపాలి.
2. 100 గ్రాములు తూచి ఇనుప పెనం మీద సన్నని సెగన కలుపుతూ ఆరబెట్టాలి.
3. పది నిమిషాలకోసారి తూచాలి. రెండు తూకాలు ఒకటే వస్తే ఆపాలి.
4. మిగిలిన గ్రాములే ఎండు పదార్థం శాతం. 30 నుంచి 35 మధ్య ఉంటే కోయాలి.

ముక్కలు మాడితే ఆ తూకం పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టాలి. నాది మొదటిసారి మాడింది. మార్చి 14 నాటి మొక్కల్లో గట్టు పక్కన కోయకుండా వదిలినవి కొన్ని మర్నాడు తూస్తే 21 గ్రాములే మిగిలాయి. ఆ పెనం ఒక్క రోజు ముందు పొయ్యెక్కి ఉంటే 3,400 కిలోలు దక్కేవి. మొత్తం పెంటపోగులోకి వెళ్లింది.

*రెండో చెక్క.* ఏప్రిల్ మొదటి వారం నుంచి మూడు రోజులకోసారి పెనం వెలిగించాను: 26, 29, 31, 33. కంకిని నడిమికి విరిచి గింజ చూస్తే పై సగం గట్టిపడి, కింది సగం ఇంకా పాలతో ఉంది. ఆ గీత గింజ నడిమికి వచ్చిందంటే కోతకు తగిన సమయం. పిడికిట్లో ముక్కలు గట్టిగా నొక్కి వదిలితే ముద్ద మెల్లగా విచ్చుకుంది, వేళ్ల మధ్య నీరు రాలేదు. ఏప్రిల్ 12న, 88వ రోజున కోశాను. 3,200 కిలోలు. మొదటి చెక్కకన్నా బరువు తక్కువే, ఎండు పదార్థం మాత్రం దాదాపు 1,050 కిలోలు. మొదటి చెక్కలో అది 714.

ఊట నేలలో మళ్లీ గోయి తవ్వదలుచుకోలేదు. యూరియా గోతాల్లో మందమైన పాలిథీన్ సంచి దూర్చి, సంచికి 50 కిలోల చొప్పున కాలితో తొక్కి, గాలి పిండి, రెండు ముళ్లు వేశాం. 64 సంచులు. బెల్లం నీళ్లు కలపమని కొందరు చెప్పారు. మొక్కజొన్నలో చక్కెర తనంతట తానే చాలినంత ఉంటుంది, కలపలేదు.

మే 16న మొదటి సంచి విప్పాను. లేత ఊరగాయ లాంటి పులుపు వాసన, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. పీహెచ్ 4.0. గౌరి మొదటి పిడికెడు వాసన చూసి తల తిప్పుకుంది, రెండోసారి దాణా చల్లి పెడితే తింది, మూడో రోజుకు సంచి చప్పుడుకే అరవడం మొదలుపెట్టింది.

కానీ నేల మీద పేర్చిన వరుసను ఎలుకలు కొరికాయి. చిల్లు చిన్నదే, లోపల మాత్రం అరచేయంత మేర తెల్ల బూజు, చుట్టూ వేడి. అలాంటివి 7 సంచులు పూర్తిగా పారేశాను. మిగతావి ఇటుకల మీద బల్లలు వేసి, గోడకు అడుగు దూరంలో, ఒక్క వరుస ఎత్తునే పెట్టాను. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు.

రెండో చెక్క ఖర్చు: విత్తనం 400, ఎరువులు 600, నీరు 500, నాటు కూలి 800, పురుగుమందు 350, కోత, మోత 1,950, ముక్కలు కొట్టడం 800, సంచులు 1,600. మొత్తం 7,000. దక్కింది 57 సంచులు, 2,850 కిలోలు, అంటే కిలో 2.46 రూపాయలు. సొంత చేను కాబట్టి కౌలు వేయలేదు, కౌలు రైతులు అది కలుపుకోవాలి.

మొదటి చెక్కలో గోయి, పట్టాలతో సహా పోయింది 9,100. ఊరవేసిన గడ్డి మరో రెండు విడతలు, 400 కిలోల చొప్పున: 2,992.

ఇప్పటిదాకా మొత్తం: 25,212 రూపాయలు.

అయిదో దశ: అసలు పోలిక (మే 20 – జులై 21)

నాలుగు గేదెల్లో రెండింటికి ఒక మేత, రెండింటికి ఒక మేత పెట్టి పోల్చితే అది మేతల పోలిక కాదు, గేదెల పోలిక. ఒకే గేదెకు ముందు పాతది, తర్వాత కొత్తది పెట్టి ఊరుకున్నా చాలదు. ఈత ముదిరేకొద్దీ పాలు తగ్గుతూనే ఉంటాయి, పైగా మే ఎండకు తగ్గి జూన్ వానలకు కోలుకుంటాయి. పరిశోధన కేంద్రాల్లో పాడి పశువుల మీద చేసే పద్ధతినే తీసుకున్నాను: కొత్త మేత మీదికి మార్చిన గేదెను మళ్లీ పాత మేత మీదికి తేవాలి. మధ్య అంకెను, అటూ ఇటూ ఉన్న రెండు అంకెల సగటుతో పోల్చాలి.

గౌరి, పెద్దమ్మి: పాతది, కొత్తది, పాతది.
నల్లమ్మ, చుక్క: కొత్తది, పాతది, కొత్తది.

ఒక్కో విడత 21 రోజులు. మొదటి 14 రోజులు కడుపు అలవాటు పడటానికి వదిలేసి, చివరి 7 రోజుల తూకాలే లెక్కలోకి తీసుకున్నాను. రెండు జతలూ ఒకే ఎండలో, ఒకే వానలో ఉంటాయి కాబట్టి వాతావరణం ఏ ఒక్క మేతకూ మేలు చేయదు.

కొత్త మేత: ఊరవేసిన గడ్డి 9.2 కిలోలు (ఎండుగడ్డి లెక్కన 6), పాతర గడ్డి 15 కిలోలు, దాణా 3.5 కిలోలు, లవణ మిశ్రమం 50 గ్రాములు.

రోజుకు పాలు, కిలోల్లో, మూడు విడతలకు వరసగా:

గౌరి: 5.6, 5.7, 5.0. కొత్త మేతకు 0.40 ఎక్కువ.
నల్లమ్మ: 7.6, 6.8, 6.9. కొత్త మేతకు 0.45 ఎక్కువ.
చుక్క: 5.9, 5.3, 5.3. కొత్త మేతకు 0.30 ఎక్కువ.
పెద్దమ్మి: 4.4, 4.3, జులై 8న వట్టిపోయింది.

పెద్దమ్మి అంకెలను లెక్కలో కలపలేదు. మూడో విడత లేకుండా మొదటి రెండింటిని పోల్చితే మూడో దశలో చేసిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది. ఈత ముదిరిన గేదెను ఇలాంటి పనికి ఎంచుకోవడమే నా పొరపాటు. మొదలుపెట్టే రోజుకు ఈని రెండు నెలలు దాటి, ఆరు నెలలు దాటని గేదెలైతే బాగుంటుంది.

మూడింటి సగటు 0.38 కిలో. దీన్ని ఎంతవరకు నమ్మాలి? ఒకే గేదె, ఒకే మేత మీద, రోజుకూ రోజుకూ మధ్య 0.5 కిలో తేడా ఇస్తుంది. ఏడు రోజుల సగటు తీసుకున్నా మూడు గేదెలు చాలా తక్కువ. మూడూ ఒకే వైపు మొగ్గాయి కాబట్టి, పాలు తగ్గలేదని గట్టిగా చెబుతాను. పెరిగాయని మాత్రం పది గేదెల మీద చూసిన తర్వాతే చెబుతాను.

వెన్నతో కలిపి చూడటానికి గేదె పాలను 6 శాతం వెన్నకు సవరించే సూత్రం ఉంది: పాల బరువును 0.308తో, వెన్న బరువును 11.54తో హెచ్చించి రెండూ కూడాలి. నల్లమ్మ పాత మేత మీద 6.8 కిలోలు, వెన్న 6.9 శాతం, సవరించితే 7.5 కిలోలు. కొత్త మేత మీద సగటు 7.25 కిలోలు, వెన్న 7.0 శాతం, సవరించితే 8.1 కిలోలు. దాణా తగ్గించినందుకు వెన్న పడిపోతుందేమో అన్నది నా పెద్ద భయం. అది జరగలేదు. ఊరవేసిన గడ్డి గాడిలో మిగలడం కూడా తగ్గింది, ఎండు లెక్కన రోజుకు 400 గ్రాములే.

రోజుకు ఒక గేదె మేత ఖర్చు:

పాతది: దాణా 150, వరిగడ్డి 24, పచ్చిగడ్డి కోత 10. మొత్తం 184.
కొత్తది: దాణా 105, ఊరవేసిన గడ్డి 26.40, పాతర గడ్డి 36.90. మొత్తం 168.30.

మిగిలేది 15.70. పెరిగిన 0.38 కిలో పాలను కిలో 55 చొప్పున కలిపితే మరో 20.90. మొత్తం 36.60.

ఈ లెక్కలో పెంటపోగులోకి వెళ్లిన మొదటి చెక్క లేదు. దాన్ని కూడా దక్కిన 2,850 కిలోల మీద వేస్తే పాతర గడ్డి కిలో 5.65 అవుతుంది, కొత్త మేత ఖర్చు 216కు పోతుంది, పాత మేతే చవక అవుతుంది. లాభనష్టాలన్నీ ఆ ఒక్క కోత రోజు మీద ఆధారపడ్డాయి. నాలుగు గేదెలకూ ఈ మేతే పెడితే ఆ 9,100 తిరిగి రావడానికి 62 రోజులు పడుతుంది.

జులై 29

పోలికకు 38 సంచులు పట్టాయి, 19 మిగిలాయి. గౌరి, నల్లమ్మ, చుక్కలకు అదే మేత కొనసాగుతోంది. వట్టిపోయిన పెద్దమ్మికి పాతర గడ్డి ఆపి, పచ్చిగడ్డి, ఊరవేసిన గడ్డి, రెండు కిలోల దాణా పెడుతున్నాను. అది చూడితో ఉంది.

వచ్చే పంటకు ఇప్పటికే మార్చినవి: మొక్కజొన్న మూడు చెక్కలుగా, 12 రోజుల తేడాతో. పాతర అంతా సంచుల్లోనే, బల్లలు ముందే సిద్ధం. ఎండు పదార్థం తూకం 70వ రోజు నుంచి. గడ్డి కట్టల సంగతి కూడా బేలరు యజమానితో మాట్లాడాను. పోయిన ఏడాది మంచు తడి ఆరకుండానే కట్టేశారు, అందుకే కొన్ని కట్టలు ఊరవేయకముందే లోపల వేడెక్కి ఉన్నాయి. ఈసారి ఉదయం పదకొండు దాటాకే మా చేలోకి దిగుతానని ఒప్పుకున్నాడు. కట్ట 15 కిలోలకు బదులు 10 కిలోలకు వదులుగా బిగించమన్నాను, విప్పడం సులువవుతుందని. కట్టకు రెండు రూపాయలు ఎక్కువ అడిగాడు, సరేనన్నాను.